రెండు యుద్ధాల నడుమ – 6: సంతకం పెట్టని రాజు

1922 అక్టోబర్ 28, శనివారం. రోమ్‌లో తెల్లవారుజామునే మంత్రిమండలి సమావేశమైంది. దేశంలో సైనిక పాలన విధించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి అమలు. జిల్లాల అధికారులకు తంతివార్తలు వెళ్లిపోయాయి. గోడల మీద ప్రకటనలు అంటించారు. రైళ్లెక్కి రాజధాని మీదికి వస్తున్న నల్లచొక్కాల ఫాసిస్టు దళాలను చివితవెక్కియా, ఒర్తె స్టేషన్ల దగ్గర సైన్యం అప్పటికే నిలిపేసింది. ఇక కావలసింది రాజుగారి సంతకం. తొమ్మిది గంటల ప్రాంతంలో ప్రధాని లుయిజీ ఫాక్టా ఆ కాగితం పట్టుకుని రాజమందిరానికి వెళ్లాడు. మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టనన్నాడు.

పంపిన ఉత్తర్వులు రద్దయ్యాయని చెబుతూ మధ్యాహ్నానికల్లా మళ్లీ తంతులు వెళ్లాయి. రెండు రోజులు తిరక్కుండానే, రాజధానిని ముట్టడిస్తానని బెదిరించినవాడు ఆ దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు. వయసు 39. పేరు బెనిటో ముస్సోలినీ.

వెర్సాయ్ సంధి దగ్గర కిందటి భాగాన్ని ఆపాం. అక్కడినుంచి నేరుగా జర్మనీకి వెళ్లాలని చాలామందికి అనిపిస్తుంది. కానీ రెండు యుద్ధాల నడుమ ఐరోపాలో లేచిన నియంతృత్వాల కథకు ఇటలీయే మొదటి అధ్యాయం. తర్వాత వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే చూసి నేర్చుకున్నారు. పైగా ప్రజాస్వామ్యం ఎలా చేజారిపోతుందో ఇంత స్పష్టంగా, తేదీలతో, ఓట్ల లెక్కలతో సహా కనబడే దేశం మరొకటి లేదు.

ముందు ఆ సంతకం సంగతి చూద్దాం. రోమ్ దండులో సుమారు 28 వేలమంది సైనికులున్నారు. వాళ్లకు ఫిరంగులున్నాయి, మరతుపాకులున్నాయి, జనరల్ పుల్యేసె అనే సమర్థుడైన అధికారి ఉన్నాడు. ఎదుటి పక్షాన సాంతా మరినెల్లా, మొంతెరొతొందొ, తివొలీ ఊళ్ల దగ్గర వానలో తడుస్తూ, తిండి సరిగా అందక పడిగాపులు కాస్తున్న గుంపులు. కొందరి దగ్గర తుపాకులు, చాలామంది దగ్గర వేట తుపాకులూ దుడ్డుకర్రలే. ముస్సోలినీ వాళ్ల మధ్య లేడు. మిలాన్‌లో ఉన్నాడు. స్విట్జర్లాండ్ సరిహద్దు అక్కడికి దగ్గర. 29వ తేదీ రాత్రి రైలెక్కి 30 ఉదయం రోమ్‌లో దిగాడు. దండయాత్ర జరిగిందని చెప్పుకున్న రోజుల్లో దళపతి చేసిన ప్రయాణం ఇదే. నల్లచొక్కాల ఊరేగింపు అధికారం చేతికొచ్చాక 31న జరిగింది. ఈ ‘రోమ్ యాత్ర’నే తమ శకానికి ఆరంభంగా పెట్టుకుని, విప్లవంతో రాజ్యాన్ని గెలిచామని ఇరవయ్యేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పించారు.

రాజు ఎందుకు వెనక్కి తగ్గాడు? అంతర్యుద్ధం వస్తుందన్న భయం ఒకటి. సైన్యంలో పెద్ద అధికారులు కొందరు ఫాసిస్టుల మీద అభిమానంతో ఉన్నారు, కాల్చమంటే కాలుస్తారో లేదో అన్న అనుమానం మరొకటి. తన పినతండ్రి కొడుకైన ఆవోస్తా ప్రభువుకు ఫాసిస్టులతో స్నేహం, సింహాసనం అతనికి పోతుందేమోనన్న బెంగ ఇంకొకటి. ఇవన్నీ నిజమే కావచ్చు. అయినా ఆ ఉదయం అధికారం ఆయన చేతిలోనే ఉందన్నది అంతకంటే పెద్ద నిజం. దానికి సాక్ష్యం 1943లో దొరికింది. యుద్ధం ఓడిపోతోందని తేలాక, ఫాసిస్టు మహామండలిలోనే 19 మంది ముస్సోలినీకి ఎదురు ఓటేశాక, జూలై 25న ఇదే రాజు అతన్ని పిలిచి పదవి నుంచి తీసేశానని చెప్పి, గుమ్మం దాటగానే అరెస్టు చేయించాడు. ఏ రాజ్యాంగం కింద ఆ పని చేశాడో 1922లోనూ అదే రాజ్యాంగం, 1848 నాటిది, అమల్లో ఉంది.

మూడేళ్లు వెనక్కి వెళ్దాం. 1919 మార్చి 23న మిలాన్‌లో సాన్ సెపొల్‌క్రో కూడలి దగ్గర ఒక సమావేశ మందిరంలో ముస్సోలినీ కొత్త సంఘం పెట్టాడు. అతను కమ్మరి కొడుకు. తల్లి బడిపంతులమ్మ. సోషలిస్టు పార్టీ పత్రిక ‘అవాంతి’కి సంపాదకుడిగా పేరు తెచ్చుకుని, 1914లో యుద్ధంలో చేరాలని వాదించినందుకు ఆ పార్టీ నుంచి బహిష్కృతుడై, సొంత పత్రిక పెట్టుకున్నవాడు. 1919 నవంబర్ ఎన్నికల్లో మిలాన్‌లో అతని జాబితాకు ఐదు వేల ఓట్లు కూడా పడలేదు, ఒక్క సీటూ రాలేదు. సోషలిస్టులు 156 సీట్లతో అతి పెద్ద పార్టీ అయ్యారు. ఇతని కథ ముగిసిందని అప్పుడు అందరూ అనుకున్నారు.

అతన్ని నిలబెట్టింది పొలాలు. పో నది మైదానంలో, ఫెర్రారా, బొలోన్యా, రొవీగో, క్రెమోనా జిల్లాల్లో, లక్షలమంది భూమిలేని కూలీలున్నారు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు భూమి ఇస్తామన్న మాట గాలికి పోయింది. ఆ యుద్ధంలో ఇటలీ పోగొట్టుకున్నది ఆరు లక్షల ప్రాణాలు, వాళ్లలో ఎక్కువమంది పల్లెల బిడ్డలు. కూలీలు సంఘాలు కట్టారు. ఎవరిని పనిలోకి తీసుకోవాలో సంఘమే చెబుతుందన్నారు. ఇన్ని ఎకరాలకు ఇంతమందిని పని లేని చలికాలంలోనూ పెట్టుకోవాలన్నారు. పట్నాల్లో 1920 సెప్టెంబర్‌లో కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించి కూర్చున్నారు. రష్యాలో జరిగింది ఇక్కడా జరుగుతుందని ఆస్తిపరుల గుండెల్లో గుబులు పుట్టింది. కార్మికుల ఆక్రమణ కొద్ది వారాల్లో చల్లారిపోయినా ఆ గుబులు చల్లారలేదు. భూస్వాములు ఫాసిస్టు దళాలకు డబ్బులిచ్చారు, లారీలిచ్చారు.

రాత్రిపూట లారీలు వచ్చేవి. సంఘం కార్యాలయానికి నిప్పు పెట్టేవారు. సహకార దుకాణం పగలగొట్టేవారు. సంఘం కార్యదర్శిని ఇంట్లోంచి లాగి భార్యాబిడ్డల ఎదుటే దుడ్డుకర్రలతో కొట్టేవారు. బలవంతంగా సీసాడు ఆముదం తాగించి ఊరి మధ్య వదిలేసేవారు. ఆముదం ప్రాణం తీయకపోవచ్చు, కొన్నిసార్లు తీసేది కూడా, కానీ తాగినవాడు మళ్లీ ఊళ్లో తలెత్తి మాట్లాడలేడన్నదే దాడిచేసేవాళ్ల లెక్క. ఫెర్రారాలో ఇతాలో బాల్బో, క్రెమోనాలో ఫరినాచ్చి, బొలోన్యాలో గ్రాందీ ఇలా జిల్లాకొక దొర తయారయ్యాడు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. దెబ్బలు తిన్నవాడి మీదే కేసు పెట్టిన సందర్భాలు కోకొల్లలు.

ఆ రొవీగో జిల్లావాడే జాకొమో మత్తెయోత్తి. పుట్టింది 1885లో, ఫ్రత్తా పొలెసినె అనే ఊళ్లో. భూములున్న కుటుంబం. బొలోన్యాలో న్యాయశాస్త్రం చదివాడు. ఆయన తలచుకుంటే హాయిగా భూస్వాముల పక్షాన బతికేవాడు. కూలీల పక్షాన నిలిచి 1919లో సోషలిస్టు ప్రతినిధిగా సభకు వెళ్లాడు. ఉపన్యాసాల్లో ఉరుములు మెరుపులు ఆయనకు రావు. వచ్చింది లెక్కలు. బడ్జెట్ పద్దులు, జిల్లా గణాంకాలు, ఫలానా ఊళ్లో ఫలానా రాత్రి ఎవరు ఎవర్ని కొట్టారన్న వివరాలు. 1921 మొదట్లోనే పో మైదానంలో సాగుతున్న దౌర్జన్యాన్ని సభ ముందు పెట్టాడు. ఆ మార్చి నెలలోనే కాస్తెల్‌గుల్యెల్మో దగ్గర ఫాసిస్టులు ఆయన్ని పట్టుకెళ్లి, హింసించి, జిల్లాలో అడుగుపెట్టొద్దని వెళ్లగొట్టారు. భార్య వేలియాకూ చిన్నపిల్లలకూ దూరంగా, సొంత ఊరికి రాలేక ఆయన బతకాల్సి వచ్చింది.

ఇదంతా సాగుతుంటే ప్రభుత్వం నడుపుతున్నది జొవాన్నీ జొలిత్తి. ఐదుసార్లు ప్రధాని అయిన వృద్ధుడు, ఇటలీ రాజకీయాల్లో ఆరితేరినవాడు. 1921 మే ఎన్నికల్లో ఆయన ఫాసిస్టులను తన ‘జాతీయ కూటమి’ జాబితాలో చేర్చుకున్నాడు. సోషలిస్టులను తగ్గించడానికి వాళ్లను వాడుకుందాం, సభలోకి వచ్చాక వాళ్లే మెత్తబడతారు అన్నది ఆయన అంచనా. పక్క పొలాన్ని ముంచుదామని ఏటిగట్టుకు గండి కొట్టిన రైతు లాంటి పని. ఫాసిస్టులకు 35 సీట్లు వచ్చాయి. నిన్నటిదాకా వీధి రౌడీలుగా ఉన్నవాళ్లకు సాక్షాత్తూ ప్రధాని పక్కన పేరు అచ్చయింది. నా దృష్టిలో రోమ్ యాత్ర మొదలైంది ఆ రోజే.

ఇప్పుడు 1922 నవంబర్ 16కు వద్దాం. కొత్త ప్రధాని సభలో విశ్వాసం కోరాడు. కోరిన తీరు వింటే ఒళ్లు మండుతుంది. తలచుకుంటే ఈ సభను తన దళాల విడిదిగా మార్చేయగలిగేవాడినని, ప్రస్తుతానికి అలా చేయడం లేదని సభ్యుల మొహం మీదే చెప్పాడు. తర్వాత ఓటింగు జరిగింది. అనుకూలం 306, వ్యతిరేకం 116. ఆ సభలో ఫాసిస్టులు ముప్పై ఐదుగురే. మిగతా సుమారు 270 ఓట్లు ఎవరివి? జొలిత్తి, సలాంద్రా, ఒర్లాందో, బొనోమీ వంటి మాజీ ప్రధానులవి, కాథలిక్కుల పాపులర్ పార్టీవి. తమను అవమానించినవాడికి ఓటేశారు. మంత్రివర్గంలో అతనితో కలిపి ఫాసిస్టులు నలుగురే కదా, మనవాళ్లే ఎక్కువ కదా అని ధైర్యం చెప్పుకున్నారు.

ఆ నలుగురికి అవసరమైన మెజారిటీని తయారుచేసి పెట్టింది అచెర్బో చట్టం. దేశంలో అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న జాబితాకు, అవి పోలైన ఓట్లలో నాలుగోవంతు దాటితే చాలు, సభలో మూడింట రెండు వంతుల సీట్లు. అంటే 535లో 356. దీన్ని పరిశీలించి సరేనన్న కమిషన్‌కు అధ్యక్షుడు జొలిత్తి. 1923 జూలైలో చర్చ జరిగేటప్పుడు నల్లచొక్కాలవాళ్లు సందర్శకుల వరండాల్లో కూర్చుని సభ్యులను చూస్తూ ఉన్నారు. చట్టాన్ని అడ్డగిస్తాడనుకున్న పాపులర్ పార్టీ నాయకుడు డాన్ స్తుర్‌జో పూజారి. వాటికన్ ఒత్తిడితో ఆ నెలలోనే పార్టీ కార్యదర్శి పదవి వదిలేశాడు. ఆయన పార్టీలో ఎక్కువమంది ఓటింగులో తటస్థంగా ఉండిపోయారు. తమ పార్టీల మరణశాసనాన్ని ఆ సభ్యులు తమ చేతులతోనే ఆమోదించారు.

1924 ఏప్రిల్ 6న ఎన్నికలు జరిగాయి. అంతకు ముందు ఫిబ్రవరి ఆఖర్లో రెజ్జో ఎమిలియాలో అంతోనియో పిచ్చినీనీ అనే సోషలిస్టు అభ్యర్థిని ఇంటినుంచి పిలుచుకుపోయి చంపేశారు. ఓటర్లకు ఆ సందేశం అర్థమైంది. ప్రభుత్వ జాబితాకు దాదాపు 65 శాతం ఓట్లు వచ్చాయి.

మే 30న మత్తెయోత్తి సభలో లేచాడు. అప్పటికి ఆయన ఐక్య సోషలిస్టు పార్టీ కార్యదర్శి. చేతిలో కాగితాలు. ఈ ఎన్నిక చెల్లదన్నాడు. ఏ ప్రాంతంలో నామినేషన్‌కు సంతకాలు సేకరించనివ్వలేదో, ఎక్కడ అభ్యర్థులను సొంత నియోజకవర్గంలో కాలుపెట్టనివ్వలేదో, ఎక్కడ పోలింగు బల్లల దగ్గర ఫాసిస్టులే తప్ప ఇంకొకరు లేరో ఒక్కొక్కటీ చెబుతూ పోయాడు. ప్రతి వాక్యానికీ అరుపులు, బల్లల మీద గుద్దులు, బెదిరింపులు. కాసేపట్లో ముగియాల్సిన ప్రసంగం గంట దాటిపోయింది. ఆయన గొంతు పెంచలేదు. అరుపులు ఆగేదాకా నిలబడి, ఆపిన చోటినుంచే మళ్లీ అందుకున్నాడు. ప్రధాని కుర్చీలో ముస్సోలినీ మౌనంగా కూర్చున్నాడు. కూర్చోబోతూ మత్తెయోత్తి పక్కవాళ్లతో, నా పని అయింది, ఇక మీరు నా సంతాపసభ ప్రసంగం సిద్ధం చేసుకోండి అన్నాడని ఆయన సహచరులు చెప్పుకున్నారు. ఆ ఎన్నిక చెల్లుతుందని మెజారిటీ తేల్చేసింది.

పదకొండు రోజులకు, జూన్ 10 సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో, ఆయన ఇంటినుంచి సభ వైపు నడిచి వెళ్తున్నాడు. టైబర్ నది గట్టున ఆర్నాల్దో దా బ్రేషా రోడ్డు మీద ఒక లాన్చియా కారు ఆగింది. ఐదుగురు ఆయన్ని కొట్టి లోపలికి తోశారు. ఆయన పెనుగులాడాడు. కారులోనే పొడిచి చంపారు. అంతకుముందు రోజు ఆ కారు అక్కడ తచ్చాడటం చూసి దగ్గర్లోని ఇంటి కాపలాదారు దాని నంబరు గుర్తుపెట్టుకోవడం వల్ల ముడి విడింది. కారు ఒక ఫాసిస్టు పత్రిక సంపాదకుడు ఏర్పాటు చేసినది. ముఠా నాయకుడు అమెరీగో దూమినీ. అతనికి ప్రధాని పత్రికా వ్యవహారాల అధిపతి చెజారె రోస్సితోనూ, పార్టీ కోశాధికారి మరినెల్లితోనూ నేరుగా సంబంధాలున్నాయి. హత్య జరిగిన రెండు నెలలకు, ఆగస్టు 16న, రోమ్‌కు ఉత్తరాన రియానో ఊరి దగ్గర అడవిలో శవం దొరికింది. ముస్సోలినీ స్వయంగా ఆజ్ఞ ఇచ్చాడా, అతని మనసెరిగినవాళ్లు చేశారా అన్న వాదన చరిత్రకారుల్లో నేటికీ సాగుతోంది. నాకైతే ఆ తేడా పెద్దగా కనబడదు. ఆ ముఠాను పెంచి పోషించింది, జీతం ఇచ్చింది అతని కార్యాలయమే.

ఆ జూన్ నెలలో ఇటలీ ఒక్కసారిగా ఉలిక్కిపడింది. ఆయన్ని ఎత్తుకుపోయిన చోట జనం పూలు పెట్టి మోకరిల్లారు. నిన్నటిదాకా గర్వంగా పెట్టుకున్న పార్టీ బిళ్లలను కోట్ల మీదినుంచి పీకేశారు. పోలీసు శాఖ అధిపతి దె బోనో రాజీనామా చేశాడు, హోంశాఖ ఉపమంత్రి ఫీంచి రాజీనామా చేశాడు. ప్రధాని గది ముందు పడిగాపులు కాసే జనం మాయమయ్యారు. రాజు ఒక్క మాట అని ఉంటే ఆ వారం ఆ ప్రభుత్వం కూలిపోయేదని నేను నమ్ముతున్నాను.

ప్రతిపక్ష సభ్యులు జూన్ చివరి వారంలో సభను విడిచి బయటికి వచ్చారు. పూర్వం రోమన్ ప్రజలు పెద్దలతో తగవుపడి అవెంటైన్ కొండెక్కి కూర్చున్నారన్న కథను బట్టి దానికి అవెంటైన్ బహిష్కరణ అని పేరు వచ్చింది. నాయకుడు జొవాన్నీ అమెందొలా, నీతిమంతుడు, ధైర్యవంతుడు. ఆయన ఆశంతా రాజు మీదే పెట్టుకున్నాడు. సాక్ష్యాలు రాజు ముందుకు చేరాయి. రాజు కదల్లేదు. సార్వత్రిక సమ్మెకు పిలుపివ్వాలని కమ్యూనిస్టులు అడిగితే మిగతావాళ్లు ఒప్పుకోలేదు. జనం కోపంగా ఉన్న నెలల్లో ఏం చేయాలో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. చేతులు శుభ్రంగా ఉంచుకున్న ఆ మనుషుల మీద నాకు గౌరవం ఉంది. కానీ సభను ఖాళీ చేసిపోవడం వల్ల ముస్సోలినీని నిలదీసే ఒకే ఒక వేదిక కూడా అతనికే మిగిలిపోయింది.

జూన్ 24న సెనేట్ అతని మీద విశ్వాసం ప్రకటించింది. 225 మంది సరే, 21 మంది కాదు. సరే అన్నవాళ్లలో బెనెదెత్తో క్రోచె ఉన్నాడు, ఆ దేశపు అగ్రగణ్య తత్వవేత్త. ఈ దెబ్బతో ఫాసిజం దారికొస్తుంది, తొందరపడి పడగొడితే అరాచకం వస్తుందన్నది ఆయన ఆలోచన. ఏడాది తిరగకముందే, 1925 మే 1న, ఫాసిజాన్ని ఖండిస్తూ మేధావుల ప్రకటన రాసింది ఆయనే. ఆ తర్వాత చివరిదాకా నిలబడ్డాడు కూడా. కానీ ఆ కలం, ఆ ఓటు 1924 జూన్‌లో కావలసి వచ్చాయి.

1924 డిసెంబర్ 27న అమెందొలా పత్రిక ‘ఇల్ మోందో’ చెజారె రోస్సి వాంగ్మూలాన్ని అచ్చువేసింది. దౌర్జన్యాలకు ఆదేశాలు ప్రధాని నుంచే వచ్చేవని అందులో ఉంది. 31న ఫాసిస్టు దళాధికారులు గుంపుగా ముస్సోలినీ గదికి వెళ్లి, ఇక నాన్చొద్దు, తేల్చు, లేదంటే మేమే తేలుస్తాం అన్నారు. 1925 జనవరి 3న అతను సభలో మాట్లాడాడు. జరిగినదానికంతటికీ రాజకీయ, నైతిక, చారిత్రక బాధ్యత తనదేనన్నాడు. ఫాసిజం నేరస్థుల ముఠా అయితే ఆ ముఠాకు నాయకుణ్ణి తానేనన్నాడు. రాజ్యాంగంలో 47వ అధికరణం కింద మంత్రులను అభిశంసించే హక్కు ఈ సభకుంది, ఎవరైనా వాడతారా అని అడిగాడు. వాడవలసినవాళ్లు బయట ఉన్నారు. లోపల ఉన్నవాళ్లు లేవలేదు. ఒక హత్యకు బాధ్యుణ్ణని ప్రధాని సభలో నిలబడి చెప్పాక కూడా పదవిలో కొనసాగగలిగాడంటే, ఆ దేశంలో చట్టం పని ఆ రోజుతో అయిపోయినట్టే.

ఆ తర్వాతవి చకచకా జరిగిపోయాయి. పత్రికల మీద వేటు పడింది. ‘కొరియెరె దెల్లా సెరా’ను పాతికేళ్లు నడిపిన అల్బెర్తీని 1925 నవంబర్‌లో తప్పించారు. డిసెంబర్ 24 నాటి చట్టంతో ప్రభుత్వాధినేత సభకు జవాబుదారీ కాడు, రాజుకు మాత్రమే. అమెందొలాను 1925 జూలైలో మొంతెకాతీని దగ్గర దారికాచి కొట్టారు. ఆ దెబ్బల నుంచి కోలుకోక 1926 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు.

మత్తెయోత్తి హత్య కేసును రోమ్‌లో విచారిస్తే గొడవలవుతాయని దూరంగా కియేతీ పట్నానికి మార్చారు. దూమినీ తరఫున వాదించింది ఫరినాచ్చి, అప్పటికి ఫాసిస్టు పార్టీ కార్యదర్శి. ఇది న్యాయం కాదని తెలిసిన వేలియా ఆ విచారణ నుంచి తప్పుకుంది. 1926 మార్చిలో తీర్పు వచ్చింది. ఇద్దరు విడుదల. ముగ్గురికి, ముందస్తు పథకం లేని హత్య కింద, ఐదేళ్ల పదకొండు నెలల ఇరవై రోజుల శిక్ష. క్షమాభిక్ష కలుపుకుని రెండు నెలల్లో బయటికొచ్చారు. అసలైన తీర్పుకు 1947 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ముగ్గురూ బయటికొచ్చే రోజుల్లోనే, 1926 మే చివర్లో, రవీంద్రనాథ్ ఠాగూర్ ముస్సోలినీ ప్రభుత్వ అతిథిగా ఇటలీలో దిగారు. ఘనంగా స్వాగతమిచ్చారు, రోమ్‌లో నియంతతో భేటీ జరిగింది. ఆయన అన్నవీ అననివీ కలిపి పత్రికలు ఫాసిజానికి ప్రశంసలుగా అచ్చువేసుకున్నాయి. స్విట్జర్లాండ్ చేరాక ఫ్రెంచి రచయిత రొమా రొలా ఆయనకు అసలు సంగతులు చెప్పాడు. ప్రవాసంలో ఉన్న ఇటాలియన్లు తమ అనుభవాలు చెప్పారు. మత్తెయోత్తి కుటుంబం తరఫు న్యాయవాది మొదిల్యానీ కూడా ఆయన్ని కలిశాడు. ఆగస్టులో ‘మాంచెస్టర్ గార్డియన్’లో, సి.ఎఫ్. ఆండ్రూస్‌కు రాసిన లేఖ రూపంలో, ఠాగూర్ ఫాసిజాన్ని బహిరంగంగా తిరస్కరించారు. అదే ఇటలీ పత్రికలు ఆయన్ని తిట్టిపోశాయి.

1926 అక్టోబర్ 31న బొలోన్యాలో ముస్సోలినీ మీద కాల్పులు జరిగాయి. అంతెయో జాంబొనీ అనే పదిహేనేళ్ల కుర్రాణ్ణి అక్కడికక్కడే గుంపు చంపేసింది. ఆ సాకుతో వారం తిరక్కుండా అన్ని ప్రతిపక్షాలనూ రద్దు చేశారు. నవంబర్ 8 రాత్రి సభ్యుడికి ఉండే రక్షణను లెక్కచేయకుండా కమ్యూనిస్టు నాయకుడు ఆంతోనియో గ్రాంషీని అరెస్టు చేశారు. మర్నాడు సభ కూడి, బహిష్కరించిపోయిన 120 మందికి పైగా సభ్యుల పేర్లు జాబితా నుంచి కొట్టేసింది. ఇదీ ఓటింగుతోనే. నెలాఖరుకు రాజకీయ నేరాలకు ప్రత్యేక న్యాయస్థానం, మరణశిక్ష వచ్చాయి. ప్రతి కాగితం మీదా విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం ఉంది.

ఇటలీ వార్తలను మ్యూనిక్‌లో ఒక బీరుశాలల వక్త మొదటినుంచీ శ్రద్ధగా చదువుతున్నాడు. రోమ్ యాత్ర జరిగిన ఏడాదికే బెర్లిన్ మీదికి తానూ అలాంటి యాత్రే తీస్తానని బయల్దేరి, 1923 నవంబర్ 9న ఫెల్డ్‌హెర్న్‌హాలె ముందు పోలీసుల తూటాలకు ఎదురుపడ్డాడు. అక్కడ కాల్చమన్న ఉత్తర్వును ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆ వైఫల్యం నుంచి అతను ఏం నేర్చుకున్నాడన్నది వచ్చే భాగంలో.